ఆటయా, కళయా?

2025వ సంవత్సరము మాఘమాసమున పలనాటిలో ఒక మిరప కల్లము మీద మేము రెండు రాత్రులు గడపితిమి. కోత ముగిసినది. కాయ ఆరుచున్నది. పగటి యెండకు ఎఱుపు మఱింత చిక్కనై, సందెవేళకు ఘాటు గాలిలో నిలిచిపోవుచుండెను. చీకటి పడగనే మంచు దిగును గనుక కాయను కుప్ప చేసి పట్టలు కప్పవలెను; కప్పిన పిదప ఎవరైనను అక్కడనే మంచము వేసికొని కాపలా పండుకొనవలెను. ఆ కాపలా ఆ యింటి మనుమనికి వచ్చినది. ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చిన కుఱ్ఱవాడు. మంచముమీద వెల్లకిల పండుకొని చేతిలోని ఫోనుతో ఆడుకొనుచుండెను. తెరమీద రంగులు లేవు. నల్లని అడవి, బూడిదరంగు పొగమంచు, ఆ మంచులో మిలమిల మెఱయు రెండు కన్నులతో ఒక చిన్న పిల్లవాని నీడ. మాట లేదు, పాట లేదు.

వాని తాతగారు బీడీ ఆర్పి కేక వేసిరి: "ఇంక ఆ ఆటలు చాలించి పడుకోరా."

"ఇది ఉత్త ఆట కాదు తాతయ్యా, ఇది కూడా కళే. ఇలాంటివి చేయడమే నేను నేర్చుకుంటానంటున్నాను."

అప్పుడు మాకు అసలు సంగతి తెలిసినది. చదువు ముగిసిన పిదప ఆటలు నిర్మించు విద్యను నేర్చుకొనవలెనని వాని కోరిక. దానికి కావలసిన సొమ్ము ఆ పట్టల క్రింద ఉన్న కాయలోనుండి రావలెను. ఆ యేడు కాయధర ఎంతగా పడిపోయినదనగా, కేంద్రప్రభుత్వము కల్పించుకొని క్వింటాలుకు 11,781 రూపాయలుగా జోక్యపు ధర నిర్ణయింపవలసి వచ్చినది. పెద్దాయన మావైపు తిరిగి, "మీరు చదువుకున్నవారు గదా, చెప్పండి. ఆట ఎక్కడన్నా కళ అవుతుందా?" అని అడిగిరి. ఆ రాత్రి మేము నమలుచు ఏదో చెప్పి తప్పించుకొంటిమి. ఆయనకు చెప్పవలసినదేదో ఇప్పుడు శ్రోతలముందు చెప్పుచున్నాము.

పెద్దాయన అడిగిన ప్రశ్నను దేశాంతరములందు పెద్దపెద్దవారే అడిగియున్నారు. అమెరికా దేశపు చలనచిత్ర విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 2010వ సంవత్సరమున వీడియో ఆటలు ఎన్నటికిని కళ కానేరవని వ్రాసెను. ఆయన యుక్తి సులభమైనది: ఆటకు నియమములున్నవి, లెక్కలున్నవి, గెలుపున్నది, కళను ఎవ్వరును గెలువరు, అనుభవింతురు. వేలమంది ఆయనపై విరుచుకుపడిరి. కొన్ని నెలలకు ఆయనయే, తాను ఆడి చూడని వస్తువును గూర్చి అట్లు తీర్మానింపకుండవలసినదని ఒప్పుకొనెను. అభిప్రాయమును మాత్రము వదలుకొనలేదు. మఱుసటి యేడు, 2011లో, ఆ దేశపు సుప్రీముకోర్టు పుస్తకములకును, నాటకములకును, చలనచిత్రములకును గల వాక్స్వాతంత్ర్యరక్షణ ఈ ఆటలకును వర్తించునని తీర్పు చెప్పెను. 2012లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల పదునాలుగు ఆటలను తన సేకరణములో చేర్చుకొనెను. అంతకుముందే 2006లో ఫ్రెంచి ప్రభుత్వము జపాను దేశపు ఆటల నిర్మాత షిగెరు మియామొటోకు కళాసాహిత్య బిరుదమిచ్చెను. ఇన్ని జరిగినను వాదము తెగలేదు. బిరుదులతోను తీర్పులతోను తెగునది కాదని మా అభిప్రాయము. బిరుదు వచ్చినంతనే వస్తువు మాఱదు గదా.

ముందుగా మన మాటనే చూతము. తెలుగున ఆట అనగా ఎంత విశాలమైన మాట! పిల్లలు వీథిలో ఆడుకొనునది ఆట. వేశ్యయైనను దేవదాసియైనను సభలో నర్తించినచో ఆట. తోలుబొమ్మలు ఆడినచో బొమ్మలాట. కఱ్ఱలు పట్టి చుట్టు తిరిగినచో కోలాటము. సినిమాహాలులో సాయంకాలము చూపునది మొదటి ఆట, రాత్రి చూపునది రెండవ ఆట. పాచికలాట, పేకాట సరేసరి. నాటకము మంచిగా నడచినచో 'ఆట రక్తి కట్టినది' అందుము. అనగా మన పూర్వులు నృత్యమును, నాటకమును, జూదమును, పిల్లల తొక్కుడుబిళ్ళను ఒకే మాటలో ఇముడ్చుకొనిరి. ఏది ఉత్తమము, ఏది అధమము అను విభజన ఆ మాటలో లేదు; ఆ విభజన తరువాత వచ్చినది.

కళ అను మాట సంగతియు అట్టిదే. అఱువదినాలుగు కళలని తఱచుగ చెప్పుకొందుము గాని వానిని చదివి చూచువారు తక్కువ. వాత్స్యాయనుని పట్టికను విప్పి చూడుడు. గీతము, వాద్యము, నృత్యము, ఆలేఖ్యము అని గంభీరముగ ఆరంభమై, కొంతదూరము పోయిన పిదప ప్రహేళికలు వచ్చును. ఆపైన పొట్టేళ్ళను, కోళ్ళను, లావుకపిట్టలను పోరాడించు విధము వచ్చును. ద్యూతవిశేషములు, పాచికల ఆకర్షక్రీడ, కడకు పిల్లల ఆటవస్తువులు చేయుటయు వచ్చును. అనగా పెద్దాయన ప్రశ్నకు ప్రాచీనుడు ఏనాడో 'అవును' అని సమాధానము చెప్పియున్నాడు. అయితే ఆ సమాధానమును చేతబట్టుకొని కుఱ్ఱవాడు సంబరపడుటకు వీలులేదు. ఆ పట్టికలో వడ్రంగము కలదు, వంట కలదు, పూలదండలు గ్రుచ్చుటయు కలదు. నేర్పుతో చేయు ప్రతి పనియు అక్కడ కళయే. కుఱ్ఱవాడు అడుగుచున్నది ఆ కళ కాదు. వాడు అడుగునది లలితకళ. సంగీతము, కవిత్వము, చిత్రలేఖనము, శిల్పము, నృత్యము అను కొన్నిటిని ఒక గుంపుగా విడదీసి ఉన్నతాసనముపై కూర్చుండబెట్టిన పద్ధతి ఐరోపాలో స్థిరపడినది పదునెనిమిదవ శతాబ్దమున; ఫ్రెంచి పండితుడు బాత్యో 1746లో వ్రాసిన గ్రంథము దానికి ముఖ్యాధారము. మనము ఆ ఆసనమును అరువు తెచ్చుకొని, ఇప్పుడు ఎవరిని కూర్చుండబెట్టవలెనని తర్జనభర్జన పడుచున్నాము.

ఆ పద్ధతి పుట్టకమునుపు మనవారు ఎట్లుండిరో చూపు సాక్ష్యము ఆ కల్లమునకు ఎంతో దూరమున లేదు. కృష్ణాతీరమున విజయపురి రాజధానిగ ఇక్ష్వాకులు మూడవ, నాలుగవ శతాబ్దములందు పాలించిరి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరులో పునాదిరాయి పడినది. ఆ లోయ నీట మునుగునని తెలిసి పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు సాగించిరి. అప్పుడు బయటపడిన వింతలలో ఒకటి, నడుమ దీర్ఘచతురస్రాకారపు అంగణము, దాని చుట్టును మెట్లు మెట్లుగ కట్టిన ఇటుక ఆసనములు గల ఒక క్రీడారంగము. మన దేశమున అట్టి కట్టడము బహు అరుదు. దానిని తరలించి జలాశయపు ఒడ్డున అనుపు అను చోట మరల నిలిపిరి, నేడును చూడవచ్చును. అందులో ఏమి జరిగెడిది? మల్లయుద్ధములని కొందఱు, నాటకములును సంగీతనృత్యములును అని కొందఱు. మేము ఆ మెట్లమీద కూర్చుండి ఆలోచించితిమి. ఇద్దఱు జెట్టీలు పట్టుపట్టినను, ఒక నర్తకి అడుగు వేసినను ఆ మెట్లమీది జనము ఒక్క తీరుననే మెడలు చాచి చూచియుందురు. ఆ కట్టడము ఏ పనికో తేలకపోవుటకు కారణము ఆధారముల కొఱతయే కావచ్చును. కాని, ఆ రెండు పనులకును వేర్వేరు కట్టడములు కావలెనని ఆనాటివారికి తోచలేదేమోనని మా అనుమానము.

ఇక పలనాటి కథకు వత్తము. పలనాడు పేరు చెప్పి ఆటను గూర్చి మాటలాడువాడు కోడిపందెమును దాటిపోలేడు. పండ్రెండవ శతాబ్ది చివర గురజాలలో నలగామరాజు, మాచెర్లలో మలిదేవుడు. వీరి వెనుక నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు. రాజ్యము పందెముగ కోళ్ళు పోరినవి. మాచెర్లవారి కోడి ఓడినది. మోసము జరిగినదని కథకులు పాడుదురు. ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచిపోయిరి. గడువు తీఱి వచ్చి తమ భాగము అడిగిన అలరాజునకు విషము పెట్టిరి. కడకు నాగులేటి ఒడ్డున కారెంపూడి యుద్ధమున ఇరుపక్షములును నశించినవి. శ్రీనాథుని పేర నున్న ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. అంతకుముందును, ఆ తరువాతను ఈ కథ నిలిచినది పిచ్చుకగుంటలవారి కంఠమున. 1947లోను 1966లోను ఇది 'పల్నాటి యుద్ధము' అను పేరుతోనే రెండుసార్లు వెండితెర కెక్కినది.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఆ కోడిపందెము స్వయముగ కళయా? రెండు పక్షులు కత్తులు కట్టుకొని రక్తము కార్చుట మా దృష్టిలో కళ కానే కాదు. వాత్స్యాయనుడు ఒప్పుకొన్నను మేము ఒప్పుకొనము. మూగజీవుల హింసను 1960 నాటి చట్టము నిషేధించినది, పందెమును 1974 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము నిషేధించినది; సంక్రాంతినాడు ఈ రెంటిని ఎవరెంత పాటింతురో శ్రోతలకు తెలియనిది కాదు. అయితే ఆ పందెమే కథలో పడిన పిదప మఱియొకటి అయినది. వినువాడు ఏ కోడి గెలుచునని వినడు. గెలుపు సంగతి వానికి ముందే తెలియును. గెలిచినవారి ముఖము చూచుటకు వినును. గెలుపు ఎట్లు విషమగునో తెలిసికొనుటకు వినును. ఎబర్ట్ చెప్పిన అడ్డంకి, అనగా గెలుపోటములు, ఇక్కడ అడ్డంకి కాలేదు, కథకు ప్రాణమయినది.

కారెంపూడిలో నేటికిని కార్తికమాసాంతమున వీరుల ఉత్సవము అయిదు దినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. నాలుగవ దినము పూర్తిగ ఒక ఆట పేరుతో నున్నది. ఎనిమిది వందల యేండ్లకు పైబడిన ఒక పందెమును ఏటేట తలంచుకొని జనము అక్కడ కూడుదురు. అచ్చట కోడి గెలిచినను ఓడినను ఎవరి రాజ్యమును పోదు. పందెము పోయినది, ఆట మిగిలినది. ఆటలోనుండి పందెము జాఱిపోయినప్పుడు మిగులునది ఏమో, అదియే కళకు ముడిసరకని మాకు తోచుచున్నది.

అదే కథలో బాలచంద్రుని బొంగరములాట యున్నది. తల్లి యుద్ధవార్తను వానికి తెలియనీయక దాచినది. వాడు తోడివారితో బొంగరములాడుచుండగా అది పోయి ఒక స్త్రీ పాదమునకు తగిలినది. ఆమె నొప్పితో, తనవారందఱు కారెంపూడిలో చావునకు సిద్ధపడియుండగా ఇక్కడ ఆటలా అని ఎత్తిపొడిచినది. ఆ మాటతో వాని బాల్యము ముగిసినది. ఇంటికి పోయి, మాంచాలవద్ద సెలవు తీసికొని, రణమున కూలినాడు. మా తాతగారు కథ చెప్పునపుడు బొంగరము తగిలిన చోట ఆగి, చుట్ట వెలిగించుకొని, మమ్ము కొంతసేపు ఎదురుచూపించెడివారు. కల్లము మీద మనుమని కసరిన పెద్దాయన గొంతులో మాకు ఆ స్త్రీ గొంతు వినబడినది. లోకము తగులబడుచుండగా నీకు ఆటలేమి అనునదియే ఆయన కోపము. అది తోసివేయదగిన కోపము కాదు. ధర పడి, కౌలు మీదపడి, మందులవాని బాకీ తీఱక యున్న ఇంట ఈ ప్రశ్నకు పండితుల ప్రశ్నకు లేని బరువు కలదు.

పెద్దలకు ఆటపై గల అనుమానమునకు జూదము ఒక కారణము. చట్టమునకు సయితము చిరకాలముగ తెలిసిన ప్రశ్న ఒక్కటే: ఇది నేర్పా, అదృష్టమా? సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై నడచిన వ్యాజ్యెములో 1967లో మన సుప్రీముకోర్టు రమ్మీలో నేర్పే ప్రధానమని చెప్పెను. ఆ మాటను ఆధారము చేసికొని తరువాత ఎన్ని వ్యాపారములు లేచెనో! 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన చట్టమును సవరించి ఆన్‌లైను జూదమును నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించి, డబ్బులేని ఆటలను ఈ-క్రీడలను వేఱుచేసెను. ఆటనుండి పందెమును విడదీయుటకు చట్టమును పూనుకొన్నదన్నమాట. అయినను, మిగిలిన ఆట మంచిదా, చెడ్డదా, అందమైనదా అనునది చట్టము చెప్పలేదు, చెప్పనక్కఱయు లేదు.

గౌరవము వచ్చుటకు కాలము పట్టునని మఱొక సాక్ష్యము. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు స్త్రీవేషములు ధరించి సత్యభామగ రంగస్థలమును ఏలిరి. ఆ రోజులలో నాటకములాడువానికి పిల్లనిచ్చుటకు జంకెడివారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. తోలుబొమ్మలవారి సంగతి మఱియు ఆలస్యము. ఊరూర డేరా వేసి, పంటలు ఇంటికి వచ్చిన దినములలో తెల్లవాఱులు ఆడి, గింజలు అడుగుకొని పోయెడి కుటుంబములవి. 2020లో అనంతపురము వైపు నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చునప్పటికి ఊళ్ళలో ఆ ఆట చూచువారు కరవైరి.

తోలుబొమ్మలాటను ఊరక తలపెట్టలేదు. నాటి రాత్రి కుఱ్ఱవాని చేతిలోని తెరను చూచినప్పుడు మాకు మొదట జ్ఞాపకము వచ్చినది అదియే. తెల్లని పంచె తెరగ కట్టి, వెనుక దీపములు పెట్టి, పలుచని తోలుమీద రంగులు దిద్దిన బొమ్మలను పుల్లలతో ఆడింతురు. లంకాదహనమునాడు తెర అంతయు ఎఱ్ఱనగును. నడుమ కేతిగాడును బంగారక్కయును దూరి నవ్వింతురు. వెలుగు, నీడ, కదలిక, చేయి: ఈ నాలుగును అక్కడను కలవు, ఇక్కడను కలవు. తేడా ఒక్కటి. అక్కడ పుల్ల ఆటగాని చేతిలో నున్నది, మనము చూతుము. ఇక్కడ పుల్లను మన చేతికే యిచ్చిరి.

ఈ ఒక్క తేడాను పట్టుకొనియే కళ కాదనువారు బలమైన వాదము చేయుదురు. పుల్ల ప్రేక్షకుని చేతికి పోయినచో కర్త యెవరు? హనుమంతుని లంకకు పంపక ఊరక చెట్టుమీద కూర్చుండబెట్టుదునని ప్రేక్షకుడు పట్టుపట్టినచో రామాయణమేమి కావలెను? ఇది నిజమైన చిక్కు. దీనికి మాకు పుస్తకములలో సమాధానము దొరకలేదు; ఒక ఆటలో దొరికినది. న్యూయార్కువారు చేర్చుకొన్న పదునాలుగింటిలో 'పాసేజ్' అను చిన్న ఆట కలదు. జేసన్ రోరర్ అనునతడు 2007లో చేసినాడు. అయిదు నిమిషములలో ముగియును. ఒక యువకుడు ఎడమనుండి కుడికి నడచును. ఆరంభముననే ఒక యువతి ఎదురగును. ఆమెను తాకినచో తోడుగ వచ్చును. తోడు వచ్చిన పిదప సన్నని సందులలో ఇద్దఱు పట్టరు. అక్కడ దాగిన నిధులు దక్కవు. నడచుచుండగా జుట్టు నెఱయును. ఆమె ముందు పోవును; ఒక చిన్న సమాధి మిగులును. అతని అడుగు బరువెక్కును. తరువాత అతడును పోవును. అంతే.

మేము పట్నమునకు వచ్చిన పిదప దానిని ఆడితిమి. మొదటిసారి నిధులపెట్టెలపై దృష్టితో ఆమెను దాటి పోయితిమి; ఆమె యెవరో కూడ మాకు పట్టలేదు. ముగిసిన పిదప లెక్క కనబడినది, దానితో ఏమి చేయవలెనో తెలియలేదు. రెండవసారి ఆమెతో నడచితిమి. కావ్యము చదివి కన్నీరు పెట్టినవాడు, 'అయ్యో, నాగమ్మ ఎంత పని చేసినది!' అనుకొనును. ఇక్కడ మాత్రము, 'అయ్యో, నేనెంత పని చేసితిని!' అనుకొనవలసి వచ్చినది. ఈ రెండవ అనుభవమును కావ్యము ఈయలేదు, నాటకము ఈయలేదు, చలనచిత్రము ఈయలేదు. కర్త పుల్లను మనకిచ్చినను సందు ఎంత సన్నముగ నుండవలెనో తానే నిర్ణయించినాడు. కనుక కర్త లేకపోలేదు, సందులో దాగియున్నాడు.

ఇంత చెప్పి, ఆటలన్నియు కళయని మేము అనము. పిల్లల చేతిలోని ఆటలలో పెక్కు మనస్సును లాగి, కాలమును లాగి, తల్లిదండ్రుల సొమ్మును లాగుటకే కూర్పబడినవి. సంతలో రంగులరాట్నమువానికైనను పొద్దుగూకిన పిదప ఇంటికి పోవు బుద్ధి యుండును. కాని పద్యములలోను నూటికి తొంబది చేటలో చెఱుగవలసినవే. ఆ కారణమున పద్యము కళ కాదనుట లేదు గదా.

రెండవ రాత్రి ఈ సంగతులేవియు మాకు తోచలేదు. నిద్ర పట్టక పెద్దాయన కోడిపోరు కథ ఎత్తుకొనిరి. బాగుగ చెప్పిరి. చిట్టిమల్లు నేలకూలిన చోట గొంతు తగ్గించిరి. కుఱ్ఱవాడు ఫోను ప్రక్కన పెట్టి మోచేతిమీద లేచి వినుచుండెను. కథ ముగిసినది.

"తాతయ్యా, ఇది ఆటగా చేస్తే ఆడేవాణ్ణి ఎవరి పక్క పెట్టాలి? బ్రహ్మనాయుడి పక్కా, నాగమ్మ పక్కా?"

"బ్రహ్మనాయుడి పక్కే. ఇందులో అడిగేదేముంది?"

"నాగమ్మ పక్క పెడితేనో? కోడి గెలుస్తుంది. తరవాత కారెంపూడి దాకా వాడే నడవాలి."

పెద్దాయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత లేచి, దీపము పట్టుకొని, మంచుకు తడిసిన పట్ట అంచును సరిచేసి వచ్చి, "ఆ చదువుకు ఎన్నాళ్ళు పడుతుందిరా?" అని అడిగిరి.